కైట్‌బోర్డింగ్‌లో ఇద్దరి లైన్లు చిక్కుపడితే ముందు దేన్ని వదలాలి?

నెల్లూరోడు_వేళచ్చేరి:

అన్నలకీ అక్కలకీ నమస్తే. నాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. పోయిన డిసెంబర్‌లో రామేశ్వరం దగ్గర నాలుగు రోజులు కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ళ కింద బోర్డుతో నీళ్ళ మీద జారడం) నేర్చుకున్నాను, తర్వాత రెండుసార్లు వెళ్ళి సొంతంగా చేశాను. బోర్డు మీద లేచి అటూ ఇటూ పోవడం వచ్చింది, గాలికి ఎగువకి, అంటే గాలి వచ్చే వైపుకి, ఎక్కడం మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు. ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు, అది చెప్పి మీ సలహా అడుగుదామని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది.

మధ్యాహ్నం మూడు గంటలు, గాలి 18 నాట్స్ (గంటకి సుమారు 33 కి.మీ.) దాకా ఉంది, నాది 10 చదరపు మీటర్ల కైట్. నేను ఎడమకి పోతున్నాను, ఎదురుగా ఒకాయన వస్తున్నాడు, ఆయన నాకంటే గాలికి ఎగువన ఉన్నాడు. మా మధ్య దూరం చాలానే ఉందనుకున్నా. దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ వచ్చి ఆగిపోదామని నా కైట్‌ని నడినెత్తికి తెచ్చేశాను. అంతే, ఆయన లైన్లలోకి, అంటే కైట్ దారాల్లోకి, నా కైట్ పోయి చుట్టుకుంది. రెండు కైట్లూ కలిసి గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి, తిరిగిన ప్రతిసారీ ఒక గుంజుడు. ఆయన "రిలీజ్, రిలీజ్" అని అరుస్తున్నాడు, నాకు వినపడుతోంది, అయినా రెండు చేతులతో బార్‌ని (లైన్లు తగిలించి ఉండే చేతికర్రని) ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఎందుకలా పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు. ముప్ఫై నలభై మీటర్లు నీళ్ళలో ఈడ్చుకుపోయాక చేయి క్విక్ రిలీజ్ (కైట్ లాగుడు వదిలించే మీట) మీద పడింది. ఆయన అప్పటికే తనది వదిలేశాడు. నా పిక్క మీద లైన్ ఒరుసుకుని చర్మం లేచిపోయింది, నెల రోజులు పట్టింది మానడానికి. ఆయనకి ఏమీ కాలేదు, అదొక్కటే ఊరట.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఇలా చిక్కుపడినప్పుడు వరసగా ఏం చేయాలి, మొదట ఎవరు వదలాలి? అసలు ఆ పరిస్థితి రాకుండా ఎదురెదురుగా వచ్చినప్పుడు ఎవరు పక్కకి తప్పుకోవాలి? నేర్పినప్పుడు చెప్పారు కానీ ఒక్కసారి చెప్పిందే, నీళ్ళలో గుర్తురాలేదు. ఇంకోటి, ఒడ్డుకొచ్చాక ఆ చిక్కు తీయడానికి రెండు గంటలు కూర్చుని చివరికి ఒక లైన్ కోసేశాం. దానికి పద్ధతేమైనా ఉందా?

—

కోవళం_గాలి:

తమ్ముడూ, నువ్వు బార్ ఎందుకు పట్టుకున్నావో నాకు తెలుసు, నేనూ పట్టుకున్నా కాబట్టి. మనం చిన్నప్పుడు సంక్రాంతికి మిద్దె మీద గాలిపటం ఎగరేసినప్పుడు ఇంకొకడి దారం మన దారం మీద పడితే ఏం చేసేవాళ్ళం? ఇంకా గట్టిగా లాగేవాళ్ళం, వదిలితే పటం పోయినట్టే. చేతులకి ఆ అలవాటే ఉంది. పైగా పడిపోతున్నప్పుడు దొరికిందల్లా పట్టుకోవడం మనిషి నైజం. కైట్‌బోర్డింగ్‌లో బార్ పట్టుకుని లోపలికి లాక్కున్నావంటే కైట్‌కి ఇంకా గాలి పట్టించినట్టు. అంటే భయపడినకొద్దీ అది ఇంకా గట్టిగా లాగుతుంది. కాబట్టి వదలడం అనేది బుర్రకి కాదు, చేతికి నేర్పాలి. దాని గురించి కింద రాస్తాను.

ముందు వరస చెప్తా. లైన్లు కలిశాయి అనుకోగానే బార్ మీంచి చేతులు తీసెయ్యి. లాగుడు ఆగలేదంటే అదే క్షణంలో క్విక్ రిలీజ్ ముందుకి తోసెయ్యి. ఇద్దరూ వదలాలి, ఎవరు ముందు అని చూసుకునే టైమ్ ఉండదు, "నేను వదిలేస్తున్నా" అని గట్టిగా అరిచి నీది నువ్వు వదిలెయ్యి. ఒక్కరే వదిలితే ఏమవుతుందంటే వదలని వాడి కైట్ రెండిటి బరువూ ఈడుస్తూ తిరుగుతుంది, వదిలినవాడు కూడా ఆ లైన్ల వెంట పోతాడు. నీకు జరిగింది అదే.

రిలీజ్ చేసినప్పుడు మామూలుగా చికెన్ లూప్ (బార్‌ని నడుము పట్టీకి తగిలించే ఉచ్చు) తెరుచుకుని బార్ లైన్ మీద పైకి జారిపోతుంది, కైట్ ఒక్క ఫ్రంట్ లైన్ మీద మాత్రమే ఆగుతుంది, అప్పుడు దానికి గాలి పట్టదు, తడిబట్టలా నీళ్ళ మీద పడి రెపరెపలాడుతుంది. కానీ బార్ అలా జారాలంటే దాదాపు కైట్ వెడల్పంత దూరం లైన్ మీద ఖాళీ కావాలి. రెండు కైట్లు చుట్టుకుని ఉంటే ఆ లైన్ మధ్యలోనే ఎక్కడో బిగుసుకుని ఉంటుంది, బార్ సగంలో ఆగిపోతుంది, కైట్ ఇంకా లాగుతూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే "రిలీజ్ పనిచేయలేదు" అని మళ్ళీ మళ్ళీ అదే నొక్కుతూ ఉంటారు. అలా చేయొద్దు. ఒకసారి వదిలావు, ఇంకా లాగుతోంది, అంటే వెంటనే రెండోది, లీష్ రిలీజ్, అంటే నిన్ను కైట్‌కి కట్టి ఉంచే ఆఖరి తాడు వదిలించేది. కైట్ మొత్తం పోతుంది, పోనీ. కైట్ ఖరీదు నాకూ తెలుసు, అయినా పోనీ.

లైన్‌ని చేత్తో పట్టుకోవద్దు. వేలికి చుట్టుకోవద్దు. ఈ ఒక్క మాట మీద నేను చాలా గట్టిగా ఉంటాను, ఎందుకంటే అవి డైనీమా అనే చాలా గట్టి ప్లాస్టిక్ పోగు దారాలు, మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఒక్కొక్కటి వందల కిలోల బరువు లాగినా తెగదు. వేలి చుట్టూ ఉచ్చు పడి కైట్‌కి ఒక్కసారి గాలి తగిలిందంటే తెగేది దారం కాదు. మెడ చుట్టూ, మోకాలి చుట్టూ వచ్చిందంటే చెప్పక్కర్లేదు. వదిలేశాక కాళ్ళు ముడుచుకుని, లైన్లు ఉన్న వైపు నుంచి గాలికి ఎగువకి ఈదుతూ దూరం జరుగు. హార్నెస్‌కి, అంటే నడుము పట్టీకి, ఒక కొక్కెం కత్తి ఎప్పుడూ ఉండాలి, బ్లేడు కొక్కెం లోపల ఉంటుంది కాబట్టి ఒళ్ళు తెగదు, దారం మాత్రం తెగుతుంది, ఒక చేత్తో తీసేలా పెట్టుకో. పాత బ్యాగు అడుగున పడేసిన కత్తి ఉన్నా లేనట్టే.

ఇక చేతికి నేర్పడం. నీళ్ళలోకి దిగే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకుని క్విక్ రిలీజ్ ఎక్కడుందో తడుముకో, కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి. తర్వాత ఫ్రెండ్‌ని లైన్లు పట్టుకుని నిజంగా లాగమను, నువ్వు వెనక్కి వాలి బరువంతా వేసి, అప్పుడు రిలీజ్ చెయ్యి. బరువు లేనప్పుడు తేలిగ్గా వచ్చేది బరువు పడ్డప్పుడు ఎంత గట్టిగా తొయ్యాలో అప్పుడే అర్థమవుతుంది. లీష్‌తో కూడా ఇలాగే చెయ్యి, దాన్ని ఎవరూ ప్రాక్టీస్ చేయరు. ఇసుక పడితే రిలీజ్ బిగుసుకుంటుంది, ప్రతి రోజూ మంచినీళ్ళతో కడుగు. సెకండ్ హ్యాండ్ బార్ కొన్నావా? క్విక్ రిలీజ్‌కి అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్‌ఓ 21853, వచ్చింది 2020లో. అంతకుముందువాటిలో మంచివీ ఉన్నాయి, కానీ పాతది కొంటే బరువు మీద వదిలి చూడకుండా డబ్బులివ్వకు.

—

తిరువాన్మియూర్_శ్రీ:

పైన అన్న చెప్పింది చిక్కుపడ్డాక సంగతి. నేను ముందు సంగతి రాస్తాను, ఎందుకంటే నీ కేసులో తప్పు ఎక్కడ జరిగిందో నువ్వే రాశావు, గమనించినట్టు లేవు. నువ్వు గాలికి దిగువన ఉండి కైట్‌ని నడినెత్తికి తెచ్చావు చూడు, అదే.

ఇలా ఊహించుకో. లైన్లు 22, 24 మీటర్లు ఉంటాయి, మనిషి నుంచి గాలి పోయే వైపుకి వాలుగా పైకి పోతాయి. ఎగువన ఉన్నవాడి లైన్లు దిగువన ఉన్నవాడి వైపుకే వాలి ఉంటాయి, ఒక్కోసారి వాడి నెత్తి మీదే ఉంటాయి. ఎగువవాడు కైట్ పైకి ఎత్తి, దిగువవాడు కైట్ కిందికి దించితే ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి పోతాయి, తగలవు. నువ్వు కింద ఉండి పైకి ఎత్తావు, ఆయన లైన్లు ఉన్న చోటికి నీ కైట్‌ని నువ్వే తీసుకెళ్ళావు. ఎగువన పైకి, దిగువన కిందికి. నాకు గుర్తుండటానికి మేడ మెట్లు అనుకుంటా, పై మెట్టు మీద ఉన్నవాడి చేయి పైన, కింది మెట్టు మీద ఉన్నవాడి చేయి కింద. నీకు ఏది గుర్తుంటే అది పెట్టుకో.

ఎవరు తప్పుకోవాలి అంటే, ఎదురెదురుగా వచ్చినప్పుడు కుడికి పోయేవాడిది హక్కు, అంటే కుడి చేయి, కుడి కాలు ముందున్నవాడిది. పడవల వాళ్ళ రూలే ఇది. నువ్వు ఎడమకి పోతున్నావు కాబట్టి తప్పుకోవాల్సింది నువ్వు, అదీ ముందుగానే, ఆయనకి స్పష్టంగా కనపడేలా. ఒకే దిశలో పోతుంటే వెనక నుంచి వేగంగా వచ్చేవాడు ముందువాడికి దూరంగా పోవాలి. ఒడ్డు నుంచి బయల్దేరుతున్నవాడికి ఒడ్డుకి వస్తున్నవాడు దారివ్వాలి, ఎందుకంటే ఒడ్డు దగ్గర కైట్ పట్టుకుని నిలబడ్డవాడికి కదలడానికి చోటుండదు. అల మీద వస్తున్నవాడికి లోపలికి పోతున్నవాడు దారివ్వాలి. ఈత కొట్టేవాళ్ళు, చిన్నపిల్లలు, జాలర్లు, వీళ్ళందరికీ మనమే తప్పుకోవాలి, అక్కడ హక్కుల మాట లేదు. అలాగే హక్కు నాదే కదా అని తిన్నగా పోయి గుద్దుకోవడం కూడా పనికిరాదు, ఎదుటివాడు కొత్తవాడైతే వాడి కళ్ళు వాడి కైట్ మీదే ఉంటాయి, నిన్ను చూడడు.

నువ్వు "దూరం చాలానే ఉందనుకున్నా" అన్నావు. మనిషికీ మనిషికీ మధ్య దూరం కాదు చూడాల్సింది, లైన్లకీ లైన్లకీ మధ్య దూరం. నాకైతే గాలికి దిగువన రెండు లైన్ల పొడవు, అంటే 50 మీటర్లు, ఖాళీ లేకపోతే నేను కైట్ ఎత్తను, గెంతడం అసలే లేదు, దిక్కు కూడా మార్చను. తిరిగే ముందు తల తిప్పి వెనక్కి చూడటం బైక్ మీద లేన్ మారినంత అలవాటు కావాలి. కైట్‌ని చూడకుండా నడపడం వచ్చేదాకా రద్దీ ఉన్న చోటికి పోవద్దు. శనివారం, ఆదివారం కాకుండా వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్ళు, కొత్త పాంబన్ వంతెన 2025 ఏప్రిల్‌లో తెరిచాక రాత్రి రైలు మళ్ళీ రామేశ్వరం దాకా పోతోంది కదా, రెండు రోజుల సెలవు సరిపోతుంది.

గాలి గురించి ఒక్క మాట. 12 నాట్స్‌లో నేర్చుకుని 18లో దిగితే లాగుడు ఒకటిన్నర రెట్లు అనుకుంటారు. కాదు, గాలి వేగం పెరిగితే బలం దాని వర్గంలో పెరుగుతుంది, 12కీ 18కీ మధ్య రెండు రెట్ల పైనే తేడా. అంత గాలికి నీకు 10 మీటర్లు ఎక్కువో కాదో నీ బరువు చూసి నేర్పినవాళ్ళని అడుగు. పిక్క ఇప్పుడు ఎలా ఉంది?

—

కాశిమేడు_పడవ:

నేను కైట్ ఎగరేయను, మాది చేపల వేటకెళ్ళే కుటుంబం, అందుకని ఇంకో వైపు నుంచి చెప్తా. చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ఎక్కడో ఒకచోట మీరు దీన్ని మొదలుపెడతారని తెలుసు, కాబట్టి వినండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, సముద్రం ఖాళీ అనుకుంటారు. నిషేధం పెద్ద మెకనైజ్డ్ బోట్లకే. చిన్న ఫైబర్ పడవలు పోతూనే ఉంటాయి, వలలు ఒడ్డుకి దగ్గర్లోనే ఉంటాయి. నీళ్ళ మీద థర్మాకోల్ ముక్కలో, ప్లాస్టిక్ డబ్బాలో వరసగా తేలుతున్నాయంటే కింద వల ఉన్నట్టే. మీ దారం దాంట్లో పడితే కైట్ పోవడమే కాదు, మా వల పోతుంది, దాని మీద బతికేవాళ్ళు ఉన్నారు. దిగే ముందు ఆ ఊరి పడవ వాళ్ళని ఒక్క మాట అడగండి, వల ఎక్కడేశారో చెప్తారు, మీకేదైనా అయితే మొదట పడవ తోసేది కూడా వాళ్ళే.

జూన్, జూలైలో పొద్దున పడమటి గాలి ఉంటుంది, నేల మీంచి సముద్రంలోకి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, కొన్ని రోజులు సాయంత్రం దాకా తిరగదు. పడమటి గాలిలో దిగొద్దు. ఆ గాలిలో నువ్వు దారం వదిలేస్తే నువ్వూ నీ పటమూ గాలివాటాన లోపలికే పోతారు. తమిళనాడు తీర పోలీసు నంబర్ 1093, కోస్ట్ గార్డ్‌ది 1554. ఒడ్డున ఉండే మనిషి ఫోన్‌లో ఈ రెండూ పెట్టుకోండి.

—

నెల్లూరోడు_వేళచ్చేరి:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, పిక్క మానింది, మచ్చ ఉంది. కైట్ పైకెత్తడమే తప్పని నాకు నిజంగా ఇప్పటిదాకా తెలీదు, ఆగాలంటే పైకెత్తాలి అన్నదొక్కటే బుర్రలో ఉండిపోయింది.

కోవళం అన్నా, ఒక డౌట్. లీష్ కూడా వదిలేస్తే కైట్ దిగువన ఉన్నవాళ్ళ మీదికి పోదా? ఇంకా, రామేశ్వరంలో నడుము లోతు కాబట్టి నడిచి వచ్చేశాను, లోతు నీళ్ళలో కైట్ లేకుండా నా గతేంటి? చిక్కు తీయడం గురించి కూడా చెప్పండి.

—

కోవళం_గాలి:

మంచి ప్రశ్నలు. కైట్ పోతుంది, ఎవరికైనా తగలొచ్చు, నిజమే. అందుకే మొదటి రిలీజ్‌తో లాగుడు ఆగిపోతే లీష్ వదలొద్దు. లాగుడు ఆగకపోతేనే వదలాలి, వదిలేటప్పుడు దిగువన ఉన్నవాళ్ళకి వినపడేలా అరవాలి. ఇద్దరిలో ఒకరి కైట్ పూర్తిగా పడిపోయి, ఇంకొకరిది ఇంకా లాగుతుంటే లాగే కైట్ వాడే లీష్ వదలాలి, పడిపోయినవాడు ఉంచుకోవచ్చు. లోతు నీళ్ళలో, ముఖ్యంగా మన చెన్నై వైపు, గొట్టాల్లో గాలి నింపిన కైట్ నీకు పడవ లాంటిది, లాగనంతసేపు దాన్ని వదులుకోకు.

కైట్ నీళ్ళ మీద పడి లాగుడు ఆగిందనుకో, లీష్ ఉన్న ఆ ఒక్క లైన్‌నే పట్టుకుని బార్ దగ్గరికి పోవాలి, ఆ లైన్‌ని బార్ చివర్లకి చుట్టుకుంటూ. వేళ్ళకి కాదు, బార్‌కి. మిగతా మూడూ అప్పటికి వదులుగానే ఉండాలి, ముందే అన్నీ కలిపి చుట్టావంటే కైట్ మళ్ళీ లేస్తుంది, దీంట్లో చాలామంది దెబ్బ తింటారు. కైట్ వెడల్పుకి కొంచెం ఎక్కువే ఆ ఒక్క లైన్ చుట్టాక ముడేసి బిగించి, అప్పుడు నాలుగూ కలిపి చుట్టుకుంటూ కైట్ దాకా పో. గాలి బయటికి తీయకుండా దాని మీద పడుకుని ఒక చివర పట్టుకుంటే అదే తెరచాపలా నిన్ను మెల్లగా ఒడ్డు వైపు తీసుకెళ్తుంది, గాలి ఒడ్డు వైపుకో, పక్కకో ఉంటేనే. కాశిమేడు అన్న చెప్పిన పడమటి గాలిలో ఇదేదీ పనికిరాదు. రెండు కైట్లు ఇంకా కలిసే ఉంటే నీళ్ళలో చిక్కు తీయాలని చూడొద్దు, ఇద్దరూ లైన్లకి దూరంగా ఉండి పడవ కోసం చూడండి.

చిక్కు తీయడం. లైన్ కోశారంటే బాధేసింది, కోయాల్సిన పనే రాదు సాధారణంగా. చిక్కుని చూడగానే ఒక కొస దొరికింది కదా అని లాగేస్తాం, అప్పటిదాకా వదులుగా ఉన్న ఉచ్చులన్నీ పీటముళ్ళు అవుతాయి, తడి డైనీమాకి పడ్డ పీటముడి గోటికి కూడా రాదు. కాబట్టి లాగొద్దు, విదిలించు. చిక్కు ముద్దని ఇసుక మీద పెట్టి చేతులతో వదులు చేస్తూ, దూది ఏకినట్టు, వెడల్పు చేసుకుంటూ పో. అది పెద్దదై గాలి ఆడేలా అయ్యాక సగం దానంతట అదే విడిపోతుంది. లైన్లని రెండు కైట్ల దగ్గరా విప్పేసెయ్యి, బార్ దగ్గర మాత్రం విప్పకు, ఏది ఎవరిదో పోతుంది. తర్వాత బార్ వైపు నుంచి మొదలుపెట్టి నాలుగు లైన్లనీ నాలుగు వేళ్ళ సందుల్లో పెట్టుకుని దువ్వెనతో దువ్వినట్టు కైట్ వైపు నడువు, అడ్డొచ్చినప్పుడు ఆగి ఖాళీ కొసని ఆ ఉచ్చులోంచి దూర్చి తియ్యి. పీటముడి పడినచోట మొద్దుగా ఉన్న సూదో, పిన్నో పెట్టి మెల్లగా కదిలించాలి, పళ్ళతో వద్దు.

చిక్కు విడిపోయింది కదా అని వెంటనే నీళ్ళలోకి పోకు. డైనీమాకి వేడి పడదు, సుమారు 150 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే బరువు మీద ఉన్న రెండు లైన్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే రంపంలా కోసుకుంటాయి. మొత్తం పొడవూ వేళ్ళ మధ్య జార్చుకుంటూ చూడు, గరుకుగా నూగు లేచినట్టు తగిలితే ఆ లైన్ మార్చెయ్యి. నాలుగు కొసలూ ఒకే మేకుకి తగిలించి బార్ పట్టుకుని వెనక్కి లాగి చూడు, బార్ వంకరగా నిలబడితే ఏదో ఒకటి సాగింది. మీరు కోసిన లైన్‌కి ముడేసి మళ్ళీ వాడటం లేదు కదా? ముడేసిన లైన్ సగం బలం కూడా ఉండదు, పొడవు కూడా తగ్గుతుంది, కైట్ ఒక పక్కకి లాగుతుంది.

—

నెల్లూరోడు_వేళచ్చేరి:

ముడేశాం అన్నా. నిజానికి ఈ శుక్రవారం దాంతోనే వెళ్దామనుకున్నా. వద్దులే, కొత్త లైన్ల సెట్ చెప్తాను, వచ్చేదాకా ఆగుతాను. మా రూమ్మేట్‌ని లైన్లు పట్టుకుని లాగమని నిన్న సాయంత్రం నీలాంగరై బీచ్‌లో ఇరవైసార్లు రిలీజ్ చేశాను, కుడి చేత్తో బాగానే వస్తోంది, ఎడమ చేత్తో నాలుగుసార్లు తప్పింది. లీష్ అయితే మొదటిసారి ఎక్కడుందో దొరకనే లేదు, తిరిగి నడుం వెనక్కి పోయింది.

—

తిరువాన్మియూర్_శ్రీ:

లీష్ వెనక్కి తగిలిస్తే అలాగే అవుతుంది తమ్ముడూ, అది గాలిలో విన్యాసాలు చేసేవాళ్ళ పద్ధతి. నీది ముందు వైపు, హార్నెస్ కొక్కేనికి పక్కన తగిలించు, చూడకుండా చెయ్యి పడాలి. ఎడమ చేత్తో ఇరవైకి ఇరవై వచ్చాక చెప్పు, గాలి ఇంకా ఉంటే వారం మధ్యలో నేనూ వస్తాను, మొదటి గంట నువ్వు నాకు దిగువన కైట్ దించుకుని దాటడమే చేద్దాం, ఇంకేమీ వద్దు.